ఐటీఐ, పాలిటెక్నిక్ సార్లతో పనిచోటి సమస్యల మీద పాఠం చెప్పించాలంటే ఎలా మొదలుపెట్టాలి

ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండో ఏడాది పిల్లవాడు వర్క్‌షాపులో డీఓఎల్ స్టార్టర్ (మోటారుకు నేరుగా పూర్తి వోల్టేజ్ ఇచ్చే స్టార్టర్) కనెక్షన్ చకచకా ఇచ్చేస్తాడు. అదే పిల్లవాడిని నర్సంపేట వైపు ఏదైనా బావి దగ్గరికి తీసుకెళ్లి, కాలిన మోటారు చూపించి, ఎందుకు కాలిందో చెప్పమంటే నిలబడిపోతాడు. అతనికి తెలివి లేక కాదు. వర్క్‌షాపులో డయాగ్రమ్ గోడ మీద ఉంటుంది, టూల్స్ టేబుల్ మీద ఉంటాయి, లోపం ఏదైనా ఉంటే అది సార్ పెట్టిన లోపమే, ఎక్కడ పెడతారో కూడా సీనియర్లు ముందే చెప్పేసి ఉంటారు. బావి దగ్గర రైతు సగం సంగతే చెప్తాడు, ఆ సగంలో కూడా అవసరమైనది ఉండకపోవచ్చు, పైగా రేపటికల్లా నీళ్లు రావాలంటాడు. ఆ పరిస్థితిలో ఏం అడగాలో, ఏం కొలవాలో, ఏది ముట్టుకోకూడదో మనం నేర్పలేదు. నేర్పితే వస్తుంది.

దానికి ఉన్న మంచి దారి సీనారియోతో పాఠం చెప్పడం. ముందు పాఠం, తర్వాత ప్రాక్టికల్ అనే వరుసను తిరగేసి, పనిచోట నిజంగా వచ్చే ఒక సమస్యను పిల్లల ముందు పెట్టి, దాన్ని తేల్చే క్రమంలోనే పాఠం నేర్పిస్తారు. ఇదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ 1969లోనే రోగి సమస్యను ముందు పెట్టి వైద్యం చదివించడం మొదలుపెట్టింది. అమెరికాలో టెక్నీషియన్ చదువులు చెప్పే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో కూడా ఈ పద్ధతిని తేవడానికి చాలా పని జరిగింది. మన దగ్గర ఆ కాలేజీలకు దగ్గరగా ఉండేవి ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు.

ఇది రాస్తున్నది పాఠం చెప్పే సార్ల కోసం మాత్రమే కాదు, వాళ్లకు సాయం చేయాల్సిన ప్రిన్సిపాళ్లు, హెచ్‌ఓడీలు, డీటీఓలు (డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్లు), తోటి సీనియర్ల కోసం కూడా. ఎందుకంటే ఈ పద్ధతి ఆగిపోయేది ఎక్కువగా పిల్లల దగ్గర కాదు, సార్ ఒంటరిగా మొదలుపెట్టి రెండో వారానికే వదిలేసే దగ్గర.

ట్రైనింగ్ ప్రోగ్రాంతో మొదలుపెట్టకండి

సెమినార్ హాల్లో నలభై మందిని కూర్చోబెట్టి, పీపీటీ వేసి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపిస్తే ఒక్కరి క్లాసు కూడా మారదు. సార్లకు ఆసక్తి లేక కాదు, ఆ రోజు విన్నది మర్నాడు ఉదయం తన ముందున్న 20 మంది ట్రైనీలకు ఎలా పెట్టాలో ఎవరూ చూపించలేదు కాబట్టి. దానికి బదులు ఒక్క సార్‌ను ఎంచుకోండి. అందరికంటే చురుకైన ఆయనే అక్కర్లేదు, పిల్లలు ఏ సందేహం వచ్చినా ఎవరి దగ్గరికి పోతారో ఆయన్ని లేదా ఆ మేడంను పట్టుకోండి. సిలబస్ మొత్తం మార్చమని అడగకండి. ఈ టర్మ్‌లో ఆయన ఎలాగూ చేయించాల్సిన జాబ్‌ల (సిలబస్‌లోని ప్రాక్టికల్ పనుల) నుంచి ఒక్కటి తీసుకుని, దాన్ని మాత్రమే మారుద్దాం, నేను కూడా క్లాసులో ఉంటాను అనండి. ఆ చివరి మాట ముఖ్యం. ఉంటానని చెప్పి ఆ రోజు మీటింగ్ ఉందని రాకపోతే మళ్లీ ఆయన ఒప్పుకోరు.

"సార్, ఏదైనా సీనారియో చెప్పండి" అని అడిగితే ఎవరికీ ఏదీ తట్టదు. "మీ పాత స్టూడెంట్ ఈ మధ్య ఎవరైనా పని మధ్యలో ఫోన్ చేశారా? ఏమడిగారు?" అని అడిగి చూడండి. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు పదేళ్లు పాఠం చెప్పిన ఏ ఇన్‌స్ట్రక్టర్‌కైనా ఈ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒకడు రైస్ మిల్లు నుంచి చేస్తాడు, ఒకడు భూపాలపల్లి నుంచి, ఇంకొకడు దుబాయ్ నుంచి వీడియో కాల్ చేసి ప్యానెల్ చూపిస్తాడు. పిల్లవాడు కాలేజీలో నేర్చుకున్నది ఎక్కడ సరిపోలేదో ఆ ఫోన్ కాల్ సరిగ్గా చెప్తుంది. అలాంటివి నాలుగు కాగితం మీద రాయిస్తే మీకు నాలుగు సీనారియోలు వచ్చినట్టే, అవి సార్ సొంతవి కాబట్టి ఆయనకు వాటి మీద నమ్మకం కూడా ఉంటుంది.

సమస్యలు ఎక్కడ దొరుకుతాయి

మన ఉత్తర తెలంగాణలో పెద్ద సంస్థలు చాలా ఉన్నాయి. కాజీపేటలో లోకో షెడ్లు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంటు, రామగుండంలో ఎన్టీపీసీ, భూపాలపల్లి నుంచి మందమర్రి దాకా సింగరేణి. అందరికీ ముందు వీటి మీదే చూపు పోతుంది. ఎంఓయూ కోసం లెటర్లు రాస్తారు, నెలలు గడుస్తాయి. నా అభిప్రాయంలో మొదటి సీనారియోకు ఇవి సరైన చోటు కాదు. వాటి నుంచి తెచ్చుకోవాల్సింది ఒకటుంది, అది పని పద్ధతి: వర్క్ పర్మిట్ లేకుండా పని ముట్టుకోకపోవడం, లైన్ క్లియర్ (లైన్‌లో కరెంటు ఆపామన్న ఖాయం) తీసుకోవడం, తాళం వేసి ట్యాగ్ కట్టడం. అక్కడ పనిచేసే పాత స్టూడెంట్‌ను ఒక పూట పిలిపించి ఈ పద్ధతి చెప్పిస్తే చాలు.

సమస్యలు మాత్రం చిన్న చోట్ల దొరుకుతాయి. మోటార్ రీవైండింగ్ షాపు, ఆటోనగర్‌లో గ్యారేజీలు, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, జమ్మికుంట, పెద్దపల్లి వైపు రైస్ మిల్లులు, సిరిసిల్ల మరమగ్గాలు. అక్కడ ఎంఓయూ అక్కర్లేదు. సార్‌తో కలిసి సాయంత్రం పూట వెళ్లి, చాయ్ తాగుతూ మూడు సంగతులు అడగండి: ఈ సీజన్‌లో ఎక్కువగా వచ్చిన రిపేరు ఏది, కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు, ఆ తప్పు వల్ల మీకు ఎంత నష్టం. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు రాసుకోండి. సీనారియోకు బలం అక్కడి నుంచే వస్తుంది.

రీవైండింగ్ షాపుకు వెళ్లినప్పుడు ఇంకో పని చేయండి. కాలిన స్టేటర్లు (మోటారులో వైండింగ్ ఉండే కదలని భాగం) విప్పకముందు చూపించమని, వీలైతే ఒకటి రెండు పక్కన పెట్టమని అడగండి. వాటిని చదవడం నేర్పితే పిల్లలు ఎంత ముందుకు పోతారో కింద చెప్తాను.

ఒక సీనారియో మొదటి నుంచి చివరి దాకా

ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో మోటారు కంట్రోల్, ప్రొటెక్షన్ జాబ్‌లు ఉంటాయి. వాటిలో ఒక రోజు కేటాయించి ఈ కాగితం గ్రూపులకు ఇవ్వండి. రైతు మాట రైతు మాటలాగే ఉండనివ్వండి, దాన్ని పాఠ్యపుస్తకం భాషలోకి మార్చకండి.

"సార్, మాది పర్వతగిరి దగ్గర. 5 హెచ్‌పీ మోటరు. పోయిన నెలనే వైండింగ్ చేపిచ్చిన, మల్ల కాలింది. నాట్లకు మడి తడుపుకోవాలె. రేపు పొద్దుగాల వరకు నడవాలె. మల్ల కాలకుంట చూడుండ్రి."

అంతే ఇవ్వాలి. సార్లకు సహజంగా ఇక్కడ ఇంకో పది లైన్లు రాయాలనిపిస్తుంది, వోల్టేజ్ ఇంత, ట్రాన్స్‌ఫార్మర్ ఇంత అని. రాయనివ్వకండి. ఆ సమాచారమంతా సార్ దగ్గర ఉండే రెండో కాగితంలో ఉంటుంది, పిల్లలు అడిగితేనే బయటికి వస్తుంది, ఏది అడిగితే దానికే జవాబు. ఆ రెండో కాగితంలో ఉండేవి ఇవి: మోటారు కాలింది రాత్రి పూట, అప్పుడు రైతు ఇంట్లో ఉన్నాడు, స్టార్టర్‌కు ఆటో (కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసేది) బిగించి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ 63 కేవీఏ, దాని మీద 10 మోటార్లు, అన్నీ ఇంచుమించు 5 హెచ్‌పీవే, అన్నింటికీ ఆటోలే. అప్పుడప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోతుంది, "మేమే ఏసుకుంటం" అంటాడు రైతు. మోటారు నేమ్‌ప్లేట్ మీద 7.5 ఆంపియర్లు, స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిల్స్ ఒక చివర ఒకే చోట కలిసేది). స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) డయల్ మాత్రం 12 దగ్గర ఉంది, ఎందుకంటే అది మాటిమాటికి ట్రిప్ అవుతోందని పోయినసారి వచ్చిన మెకానిక్ పెంచేశాడు.

దీంట్లో పాఠం ఎంత ఉందో చూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటోలు ఉన్న పది మోటార్లూ ఒకేసారి స్టార్ట్ అవుతాయి. డీఓఎల్‌లో స్టార్టింగ్ కరెంటు ఫుల్ లోడ్ కరెంటుకు సుమారు 6 రెట్లు, అంటే పదింటికి కలిపి 450 ఆంపియర్లు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) వైపు ఫుల్ లోడ్ కరెంటు సుమారు 88. ఈ లెక్క పిల్లలే వేయాలి. వేశాక ఒక ఫేజు ఫ్యూజు ఎందుకు పోతుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక ఫేజు పోయాక మోటారు మిగతా రెండింటి మీద నడుస్తూ, అదే లోడుకు సుమారు 1.7 రెట్ల కరెంటు, అంటే 13 ఆంపియర్ల దాకా లాగుతుంది. రిలే 7.5 మీద ఉంటే కొద్ది నిమిషాల్లో ట్రిప్ అయ్యేది. 12 మీద పెట్టిన రిలేకు 13 పెద్ద లెక్క కాదు, అది గంటల తరబడి ఊరుకోవచ్చు. వైండింగ్ మాత్రం ఊరుకోదు.

ఇప్పుడు ఆ కాలిన స్టేటర్‌ను టేబుల్ మీద పెట్టండి. స్టార్ కనెక్షన్‌లో ఒక ఫేజు సప్లై పోతే మిగతా రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడిపోయి, మూడోది శుభ్రంగా ఉంటుంది. డెల్టాలో (మూడింటినీ త్రిభుజంలా కలిపే కనెక్షన్‌లో) అయితే తిరగబడుతుంది: ఒక ఫేజు కాయిల్స్ మాడి, రెండు బాగుంటాయి. బేరింగ్ పట్టేసో ఎక్కువ లోడు పడో కాలితే అన్ని కాయిల్స్ ఒకేలా నల్లబడతాయి. స్టేటర్ చూసి కారణం చెప్పగలిగిన పిల్లవాడికి ఆ రోజు నుంచి ఆ ట్రేడ్ మీద వచ్చే గౌరవం వేరుగా ఉంటుంది, ఇది నేను గట్టిగా చెప్పగలను.

పిల్లలు చివర ఇవ్వాల్సినవి మూడు. వర్క్‌షాపులోని మోటారుకు రిలే సరిగ్గా సెట్ చేసి, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) కలిపి నడిపి చూపించాలి. రైతుకు ఇచ్చే ఖర్చు లెక్క ఒక పేజీ రాయాలి. మూడోది, రైతుగా కూర్చున్న మనిషికి రెండు నిమిషాల్లో, ఆయనకు అర్థమయ్యే మాటల్లో, ఎందుకు కాలింది, ఇకమీద ఏం మార్చుకోవాలి చెప్పాలి. ఈ మూడోదే అందరికంటే తెలివైన పిల్లల్ని కూడా తడబడేలా చేస్తుంది. "ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ ఎక్సీడ్ అయింది" అంటే రైతుగా కూర్చున్న సార్ "నాకు సమజ్ కాలే తమ్మీ" అనాలి, మళ్లీ చెప్పించాలి. ఆటో తీసేయమంటే రైతు ఊరికే ఒప్పుకోడు, రాత్రి పూట పొలానికి ఎవరు పోతారంటాడు. ఆ మాటకు విసుక్కోకుండా జవాబు చెప్పడం కూడా పనిలో భాగమే. పది మోటార్లు ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యేలా టైమర్‌లు పెట్టుకునే మాట ఏదో ఒక గ్రూపు తెస్తుంది, తెస్తే దాని మీద కాసేపు మాట్లాడనివ్వండి.

భద్రత దగ్గర మాత్రం బేరం లేదు. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మేం వేసి వస్తాం సార్" అని ఏ గ్రూపు అన్నా అక్కడికక్కడే పని ఆపించాలి. ఆ ఫ్యూజులు వేయబోయి రైతులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. లైన్‌మన్‌కు చెప్పాలి, 1912కు ఫోన్ చేయాలి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాకే ఎవరైనా ముట్టుకోవాలి. స్టార్టర్ మూత తీసే ముందు సప్లై ఆపి, టెస్టర్‌తో చూసుకోని గ్రూపుకు మిగతా అంతా బాగా చేసినా పాస్ లేదని ముందే చెప్పండి.

సార్‌కు కష్టమయ్యేది జవాబు చెప్పకుండా ఉండడం

ఇన్నేళ్లు అడిగిన వెంటనే చెప్పడమే మంచి సార్ లక్షణం అనుకున్నాం. ఇప్పుడు పిల్లలు తప్పు దారిలో పోతుంటే చూస్తూ ఊరుకోమంటున్నాం. మొదటి క్లాసులో సార్ పది నిమిషాలకే డస్టర్ పట్టుకుని బోర్డు దగ్గరికి పోతారు, అది ఆయన తప్పు కాదు, అలవాటు. అందుకే మీరు ఆ క్లాసులో ఉండాలి. వెనక కూర్చోండి, పిల్లల ముందు ఆయన్ని సరిదిద్దకండి. ముందు రోజే ఇద్దరూ కలిసి కొన్ని ప్రశ్నలు అనుకుని పెట్టుకోండి: "నువ్వేమనుకుంటున్నావు?", "అది నిజమో కాదో దేంతో కొలిచి చూస్తావు?", "ఆ రీడింగ్ వస్తే ఏం చేస్తావు, రాకపోతే ఏం చేస్తావు?" పిల్లలు ఏం అడిగినా ఈ మూడింట్లో ఏదో ఒకటి తిరిగి అడగొచ్చు.

ఎప్పుడు కలగజేసుకోవాలో కూడా ముందే తేల్చుకోండి. ప్రమాదం కనిపిస్తే ఆ క్షణమే. లేకపోతే, ఒక గ్రూపు పావుగంట దాకా కొత్త ప్రశ్న అడగక, కొత్త రీడింగ్ తీయక ఉన్నచోటే తిరుగుతుంటేనే. ప్రతి గ్రూపుకు ఒక్క ఫోన్ కాల్ ఇవ్వడం బాగా పనిచేసే పద్ధతి. నిజంగానే పక్క గదిలో కూర్చున్న సార్‌కు ఫోన్ చేయాలి, రెండు నిమిషాలే మాట్లాడాలి, ఇప్పటిదాకా ఏం చూశారో ముందు చెప్పాలి. రెండు నిమిషాలే ఉన్నాయని తెలిస్తే పిల్లలు ఫోన్ తీసే ముందు తమలో తాము మాట్లాడుకుని సంగతి కుదురుగా పేర్చుకుంటారు, చాలాసార్లు ఆ మాటల్లోనే జవాబు దొరికి ఫోన్ అవసరమే పడదు.

గ్రూపుకు నలుగురు చాలు. ఆరుగురైతే ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు. కొలిచేవారు, రాసేవారు, రైతుతో మాట్లాడేవారు, భద్రత చూసేవారు అని పనులు పంచి, తర్వాతి సీనారియోకు మార్చండి. మార్చకపోతే బ్యాచ్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకు ఎప్పుడూ రాసే పనే మిగులుతుంది, మీటరు వాళ్ల చేతికి రాదు. ఇది సార్ కావాలని చేసేది కాదు, కనిపెట్టి చూడకపోతే దానంతటదే జరిగిపోయేది.

ప్యానెల్ ఒక్కటే ఉంది, అయిదు గ్రూపులు ఉన్నాయి, ఎలా? ఒక గ్రూపు మోటారు మీద ఉన్నప్పుడు ఇంకో గ్రూపు స్టేటర్ దగ్గర, మిగతా మూడు ట్రాన్స్‌ఫార్మర్ లెక్క, ఖర్చు లెక్క మీద ఉంటాయి. మారుతూ పోతారు. ప్రశ్నలకు జవాబులు చెప్పే రైతు మాత్రం ఒక్కరే ఉండాలి, లేకపోతే ఒక్కో గ్రూపుకు ఒక్కో కథ వస్తుంది.

సిలబస్, మార్కులు

"సిలబస్ ఎప్పుడు అవుతుంది?" అన్నది న్యాయమైన ప్రశ్న, దానికి లెక్కతోనే జవాబు చెప్పండి. ఐటీఐలో మొదటి ఏడాది ట్రేడ్ ప్రాక్టికల్‌కు 840 గంటలు ఉన్నాయి. ఒక సీనారియోకు 6 నుంచి 8 గంటలు పడుతుంది, అది కూడా అదనంగా కాదు, ఎలాగూ చేయించే జాబ్‌ల స్థానంలో. సార్‌తో కూర్చుని ఆ సీనారియోలో ఏయే జాబ్‌లు, ఏ లెర్నింగ్ అవుట్‌కమ్ కింద పూర్తవుతాయో నంబర్లతో రాసి పెట్టండి. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరు వచ్చినా ఆ ఒక్క కాగితం చూపిస్తే సరిపోతుంది, ఆయనకు టెన్షన్ ఉండదు. ఏటా 150 గంటల ఓజేటీ (పనిచోట శిక్షణ), దగ్గర్లో పరిశ్రమ లేకపోతే గ్రూపు ప్రాజెక్టు కూడా సిలబస్‌లోనే ఉన్నాయి కదా, చాలా చోట్ల ఆ గ్రూపు ప్రాజెక్టు మోడల్ చేసి అద్దాల అల్మరాలో పెట్టడంతో ముగుస్తోంది. రెండు మూడు సీనారియోలు అక్కడ పెట్టొచ్చు.

మార్కుల సంగతి చూస్తే, డీజీటీ (కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్) సిలబస్ పుస్తకం ముందు పేజీల్లో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (చదువు సాగుతుండగా వేసే మార్కులు) గురించి రాసిన భాగం సార్లు మరోసారి చదవాలి. 60 నుంచి 75 శాతం మార్కులు అప్పుడప్పుడు సాయం తీసుకుని పని చేసినవాళ్లకు, 75 నుంచి 90 కొద్ది సాయంతో చేసినవాళ్లకు, 90 పైన దాదాపు సాయం లేకుండా చేసినవాళ్లకు. టీమ్‌వర్క్, వేస్టేజీ తగ్గించడం, భద్రత కూడా చూడమని ఉంది. డ్రాయింగ్ చూసి చేసే జాబ్‌లో ఎవరు ఎంత సాయం తీసుకున్నారో తెలుసుకోవడం కష్టం, అందుకే అందరికీ ఇంచుమించు ఒకే మార్కు పడుతుంది. సీనారియోలో ఫోన్ కాల్ వాడుకున్నారా లేదా, ఎన్నిసార్లు సార్ కలగజేసుకున్నారు అన్నది కళ్ల ముందే ఉంటుంది. పిల్లలు అడిగిన ప్రశ్నలు, తీసిన రీడింగ్‌లు వరుసగా రాసిన కాగితాన్ని రికార్డులో అతికించండి, అదే రుజువు.

పరీక్షలో ఇలాంటివి రావు కదా అని పిల్లలే అడుగుతారు. దాన్ని దాటేయొద్దు. సీనారియో అయ్యాక అదే అంశం మీద పాత ప్రశ్నపత్రాల నుంచి కొన్ని ప్రశ్నలు అక్కడే చేయించండి. మోటారు ఎందుకు కాలిందో తేల్చిన పిల్లలు సింగిల్ ఫేజింగ్ ప్రశ్నను బట్టీ పట్టక్కర్లేదు.

పాలిటెక్నిక్‌లో ఇబ్బంది వేరు. ల్యాబ్ మూడు గంటలకు మించి దొరకదు, మాన్యువల్ ప్రకారం ప్రయోగాలు వరుసగా పోవాలి. అక్కడ సీనారియోను రెండు ల్యాబ్‌లకు విడగొట్టండి, మొదటి రోజు ప్రశ్నలు, కొలతలు, ప్లాన్, రెండో రోజు పని, వివరణ. మధ్యలో ఉన్న వారంలో పిల్లలు బయటికి పోయి ఎవర్నో అడిగి వస్తారు, రానివ్వండి, మంచిదే.

మిగతా ట్రేడ్‌లకు

వెల్డర్ ట్రేడ్‌కు జిన్నింగ్ మిల్లు కంటే మంచి సీనారియో మన దగ్గర లేదు. పత్తి సీజన్ మధ్యలో కన్వేయర్ బ్రాకెట్ విరిగింది, "పది నిమిషాల పని, జల్ది అతికియ్యి" అంటాడు ఓనర్. వెల్డింగ్ బాగా చేసిన గ్రూపుకు కాదు, రాడ్ పట్టకముందే పత్తి ఎక్కడుంది, దూది దుమ్ము ఎక్కడ పేరుకుంది, నీళ్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉన్నాయా, పని అయ్యాక కనీసం అరగంట ఎవరు కాపలా ఉంటారు అని అడిగిన గ్రూపుకు ఎక్కువ మార్కులు. బ్రాకెట్ విప్పి బయటికి తెచ్చి అతికిస్తాం అన్న గ్రూపుకు ఇంకా ఎక్కువ. ఓనర్‌గా ఉన్న సార్ తొందర పెడుతూనే ఉండాలి, ఆ ఒత్తిడిలో కాదని చెప్పడం నేర్చుకోవడమే ఇక్కడ పాఠం.

ఫిట్టర్‌కు అదే మిల్లులో మూడు వారాలకోసారి పోతున్న బేరింగ్ ఇవ్వండి. పిల్లలు కొత్త బేరింగ్ ఎక్కించి అయిపోయిందంటారు. మూడు వారాల తర్వాత మళ్లీ పోయిందని ఆ రైతు కాగితం లాంటి ఇంకో కాగితం ఇవ్వండి, అప్పుడు బెల్టు బిగువు, అలైన్‌మెంట్, దుమ్ము, గ్రీజు మోతాదు వైపు చూపు పోతుంది. డీజిల్ మెకానిక్‌కు వరి కోతల్లో వేడెక్కి ఆగిపోతున్న హార్వెస్టర్, రేడియేటర్ ముందు జాలీ నిండా పొట్టు. ఎంతమంది ఇంజన్ హెడ్ విప్పుదాం అంటారో చూడండి.

కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్) పిల్లలకు ఈ పద్ధతి పనికిరాదని చాలామంది అనుకుంటారు, నిజానికి వాళ్లకే తేలిక. వడ్ల కొనుగోలు కేంద్రం షీట్ ఒకటి తయారు చేయండి: 60 మంది రైతులు, 40 కిలోల బస్తాలు, తేమ శాతం, ట్రక్ షీట్ నంబరు, బ్యాంకు ఖాతా. అందులో ఒకే ఖాతా నంబరు ఇద్దరికి, ఒక చోట బస్తాల లెక్కకు బరువు కలవకుండా, ఒకరికి తేమ 17 శాతం దాటినా కొన్నట్టు, ఒకరికి పాస్‌బుక్‌లో ఒక పేరు ఆధార్‌లో ఇంకో పేరు పెట్టండి. "సాయంత్రం అయిదింటికి షీట్ పైకి పోవాలె, తప్పు పోతే రైతుకు పైసలు పడవు" అని చెప్పండి. ఫార్ములాలు, ఫిల్టర్లు, డూప్లికేట్ వెతకడం అన్నీ వచ్చేస్తాయి. నిజమైన రైతుల ఖాతా నంబర్లు మాత్రం వాడకండి, అన్నీ ఊహించి రాసినవే ఉండాలి.

సివిల్ వాళ్లకు 7 రోజుల క్యూబ్ టెస్ట్‌లో (కాంక్రీటు దిమ్మ బలం చూసే పరీక్షలో) తక్కువ వచ్చిన స్లాబు ఒకటి చాలు. సైట్‌లో మేస్త్రీ నీళ్లు కలిపాడా అన్న ప్రశ్న ఎవరు ముందు అడుగుతారో చూడండి.

క్లాసు అయ్యాక

అదే రోజు, వీలైతే ఆ గంటలోనే, సార్‌తో పావుగంట కూర్చోండి. ఎలా జరిగిందని అడిగితే బాగా జరిగిందనే అంటారు. పిల్లలు అడిగిన ప్రశ్నల్లో మన రెండో కాగితంలో జవాబు లేనివి ఏవి, ఎక్కడ అందరూ ఆగిపోయారు, సార్ ఎక్కడ ఉండబట్టలేక చెప్పేశారు, ఈ మూడే మాట్లాడండి. వెంటనే రెండో కాగితంలో కొత్త జవాబులు చేర్చండి. బోరులో నీళ్లెంత ఉన్నాయని ఏ పిల్లవాడో అడుగుతాడు, అది మనం రాసి ఉండం. ఇలా రెండు బ్యాచ్‌లు తిరిగేసరికి ఆ కాగితం గట్టిపడుతుంది.

ఆ తర్వాతే రెండో సార్‌ను తీసుకురండి, ఈసారి మీరు కాదు, మొదటి సార్ ఆయన క్లాసులో వెనక కూర్చోవాలి. చివరి వివరణలకు రీవైండింగ్ షాపు ఆయన్నో, లైన్‌మన్‌నో రైతు కుర్చీలో కూర్చోబెట్టగలిగితే పిల్లలు ముందు రాత్రే ప్రాక్టీసు చేసుకుని వస్తారు. ప్రిన్సిపాల్ చేయాల్సినవి రెండే: ఆ రోజు ప్రాక్టికల్ మధ్యలో వేరే పీరియడ్ పడకుండా టైంటేబుల్ చూడడం, సార్‌ను ఆ పూట వేరే డ్యూటీకి పంపకపోవడం. టాటా టెక్నాలజీస్‌తో కలిసి మన రాష్ట్రం ఐటీఐలను ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మారుస్తోంది, అక్కడికి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్లు, రోబోలు వస్తున్నాయి. ఆ కొత్త మెషీన్ల మీద కూడా ఇదే పద్ధతి నడుస్తుంది, కాకపోతే వాటి మీద పనిచేసిన పాత స్టూడెంట్లు ఇంకా తక్కువ కాబట్టి, మొదటి సీనారియో మాత్రం సార్‌కు బాగా పట్టున్న పాత జాబ్ మీదే ఉండనివ్వండి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో కొత్త బ్యాచ్ చేరితే వాళ్ల చేతికి మీటరు, టూల్స్ అలవాటయ్యే దాకా ఆగండి. రెండో ఏడాది వాళ్లకు మోటారు సీనారియోను డిసెంబరు, జనవరిలో యాసంగి నాట్ల సమయానికి పెట్టుకోండి. అప్పుడు ఊళ్లలో మోటార్లు నిజంగానే కాలుతుంటాయి, హాస్టల్లో ఉండే పిల్లలు కూడా ఇంటికి ఫోన్ చేసి మన మోటారు రిలే ఎంత మీద ఉందో చూడమని నాన్నను అడుగుతారు. రీవైండింగ్ షాపు ఆయనకు ఆ రోజుల్లో తీరిక ఉండదు కాబట్టి, స్టేటర్లు విప్పకుండా పక్కన పెట్టమని నవంబరులోనే వెళ్లి చెప్పి రండి.